పాకుడు మేసే చేపల వెంట: రాయగడ నుంచి మత్స్యగుండం దాకా

జనవరి 18, రాయగడ

రాయగడ బజారులో బేరం తెలుగులో మొదలై, మధ్యలో ఒడియాలోకి వెళ్ళి, డబ్బులిచ్చే దగ్గర మళ్ళీ తెలుగులోకి వస్తుంది. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరుల నుంచి తాతల కాలంలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పెదనాన్నగారి అబ్బాయి కూడా ఇక్కడ కిరాణా కొట్టు నడుపుతున్నాడు. నేను పాలకొండ దగ్గర ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. మా వైపు ఇసుకలో నెమ్మదిగా సాగే నాగావళి కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా రాళ్ళ మీద దూకుతూ దిగుతుంది. ఆ దూకే చోట, బండలకు పట్టిన పాకుడు గీక్కుని బతికే చేపలుంటాయి. వాటిని వాటి చోట, వాటి పనిలో ఉండగా చూడాలని బయల్దేరాను. సంక్రాంతి దాటాక ఏటి నీళ్ళు బాగా తేరుకుంటాయి. మోకాలి లోతులో అడుగు రాయి గీతలతో సహా కనిపిస్తుంది.

అన్నయ్య పొద్దున్నే చేపల బజారుకి తీసుకెళ్ళాడు. థర్మాకోల్ పెట్టెల నిండా మన చేపలే. కైకలూరు, భీమవరం చెరువుల నుంచి ఐసులో వచ్చిన శీలావతి, బొచ్చె, వాటి పక్కన గుండ్రంగా, పొట్ట కింద ఎర్రగా మెరిసే రూప్‌చంద్. ఏటి చేపలున్నాయా అని ఒక పెద్దావిణ్ణి అడిగితే కత్తి పీట మీద నుంచి చెయ్యి తియ్యకుండానే జవాబు చెప్పింది.

"ఏటి చేపలా బాబూ? ఇప్పుడెక్కడ దొరుకుతాయి! ఎప్పుడో వారానికోసారి కొండోళ్ళు ఆకులో కట్టి తెస్తారు, అరగంటలో అయిపోతాయి. రూప్‌చందు తీసుకో. కిలో నూట డెబ్భై. ముల్లు తక్కువ, పిల్లలు తింటారు."

రూప్‌చంద్ పెదవి వేలితో పైకెత్తి చూపించమన్నాను. లోపల చదునైన, తెల్లటి గట్టి పళ్ళు, వరసగా. మన కార్పు చేపలకి దవడ మీద పళ్ళే ఉండవు, ఉన్నవన్నీ గొంతులోనే. వీటికి మాత్రం కాయలు, గింజలు కొరికే పళ్ళు. పుట్టిల్లు అమెజాన్, ఒరినోకో నదులు. అక్కడ వరదకి అడవి మునిగినప్పుడు చెట్ల కింద తిరుగుతూ రాలిన పళ్ళు తింటుంది. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో బంగ్లాదేశ్ మీదుగా మనదేశం చేరి, గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగి, ఇప్పుడు ఒడిశా కొండ ఊళ్ళ బజారుల్లో చవక కూర అయింది.

దీని దాయాదులు కొన్ని బ్రెజిల్, గయానా నదుల్లో నీళ్ళు నురగలు కక్కే రాతి జారుల మధ్య ఉంటాయి. టొమెటెస్, మైలెసినస్, ఆసబ్టస్ అని శాస్త్రం పేర్లు. అక్కడి బండలకి పోడోస్టెమేసీ కుటుంబపు మొక్కలు అతుక్కుని పెరుగుతాయి. ఎంత వడి నీటిలోనైనా కొట్టుకుపోవు, పైగా ఆ వడి లేకపోతే బతకవు. ఆ చేపలు తినేది ఎక్కువగా ఆ మొక్కల్నే. ఈ కుటుంబపు మొక్కలు మన పడమటి కనుమల ఏర్లలోనూ ఉన్నాయి, వానలు తగ్గి రాళ్ళు పైకి తేలగానే పూస్తాయి. ఆసబ్టస్ అనే చేప బ్రెజిల్‌లోని షింగూ నది జారుల్లో తప్ప ఎక్కడా లేదు. దాన్ని 1992లో శాస్త్రవేత్తలు వర్ణించారు. అదే నది మీద కట్టిన బెలో మోంచి ప్రాజెక్టు 2016లో కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టింది. నది పెద్ద వంపులో సుమారు 100 కిలోమీటర్ల మేర నీళ్ళు పక్కకి మళ్ళాయి. బజారులో నిలబడి ఇవన్నీ అన్నయ్యకి చెబుతుంటే, చేపలావిడ కూడా కత్తి ఆపి వింది. "అయితే బాబూ, నీళ్ళు ఆగిపోతే అదేటి తింటాది?" అని అడిగింది. ఈ యాత్ర పొడుగునా నేను అడుగుతూ తిరిగింది కూడా ఆ ప్రశ్నే.

మధ్యాహ్నం వదిన రూప్‌చంద్ పులుసు పెట్టింది. చింతపండు, ఉల్లిపాయ మన తీరు. దించే ముందు కలిపిన ఆవాలు, వెల్లుల్లి నూరిన ముద్ద ఇక్కడి తీరు. పాతికేళ్ళు రెండు భాషల మధ్య కాపురం చేసిన వంటిల్లు అది. మా ఇంట్లో కూడా ఆవ ముద్ద మొదలుపెట్టాం.

జనవరి 19, హాతీపథర్, చెకాగూడ

ఊరికి రెండు కిలోమీటర్లలో హాతీపథర్. ఆటో 80 రూపాయలు. ఏనుగుల్ని తలపించే రెండు పెద్ద బండలు, వాటి చుట్టూ నాగావళి పాయలుగా చీలి దూకుతుంది. వానాకాలంలో ఇక్కడ కాలు పెట్టనివ్వదు, జనవరిలో బండల మీద నుంచి సగం ఏరు నడిచెళ్ళొచ్చు. ఏడు గంటలకి మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. ఎండ పడే దాకా ఏమీ కనపడదని, బట్టలు ఉతుక్కుంటున్న ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన చెప్పినట్టే ఎనిమిదిన్నరకి ఎండ నీళ్ళలోకి దిగింది.

ఒక చదును బండ మీద బోర్లా పడుకుని, ముఖం నీటికి జానెడు ఎత్తులో పెట్టుకుని చూశాను. అడుగున ఉన్న రాయి గోధుమ రంగు మెత్తటి పొరతో ఉంది. అది బురద కాదు. కంటికి విడిగా కనపడని డయాటమ్‌లనే ఒంటి కణపు నాచులు, పచ్చ నాచు పోగులు, వాటిలో చిక్కుకున్న నలుసు కలిసిన పొర. ఆ పొర మీద అక్కడక్కడా చిటికెన వేలి గోరంత తెల్లటి మచ్చలు. పది నిమిషాలు కదలకుండా ఉన్నాక మచ్చలు ఎలా పడుతున్నాయో తెలిసింది. వేలెడు చేప ఒకటి బండ నీడలోంచి వచ్చింది. వీపు రాతి రంగే, తోక మొదట్లో నల్లటి మచ్చ. వడి నీటికి ఎదురుగా రాయి మీద వాలింది. ముందు రెక్కలు రెండూ రాతికి పరిచి ఆనించింది. తల కొద్దిగా ఎత్తి, దించి, పక్కకి ఒక్క గుంజు గుంజింది. అది జరిగిన చోట కొత్త తెల్ల మచ్చ. మళ్ళీ అరంగుళం ముందుకి జరిగి ఇంకో గుంజు. నాలుగైదు అయ్యాక పక్కకి ఒరిగి, తెల్లటి పొట్ట ఒక్కసారి తళుక్కుమని, నీడలోకి పోయింది. దాని వెనకే ఇంకోటి. ఒకే బండ మీద పది పన్నెండు చేపలు వంతులవారీగా మేస్తున్నాయి.

ఇవి గర్రా జాతి చేపలు. ఆ పేరు హామిల్టన్ గంగానది చేపల మీద రాస్తూ 1822లో పెట్టాడు. మన దక్కను ఏర్లలో ఎక్కువగా కనిపించే గర్రా ముల్యాని 1839లో సైక్స్ వర్ణించాడు. దీని నోరు తల కిందివైపు ఉంటుంది. కింది పెదవి ఒక గుండ్రటి మెత్తటి బిళ్ళగా మారింది. ఆ బిళ్ళ రాతికి ఆనించి నిలదొక్కుకుంటుంది, పెదవి అంచుతో పొర గీకుతుంది. పెద్ద మాల్స్‌లో డబ్బులిచ్చి కాళ్ళు పెట్టి కూర్చునే ఫిష్ స్పా ఉంటుంది కదా, అందులోవి కూడా గర్రాలే. అవి పశ్చిమాసియా వైపు జాతి. మన కొండ ఏర్లలో దాని అక్కచెల్లెళ్ళు ఉన్నాయని చాలామందికి తెలీదు, క్లాసులో చెబితే పిల్లలు నమ్మరు.

వడి నీళ్ళే ఎందుకంటే, లోతు తక్కువ కాబట్టి ఎండ రాతి దాకా దిగి పొర పెరుగుతుంది. వడి ఉంది కాబట్టి మట్టి దాని మీద పేరుకోదు, ఊపిరికి కావాల్సిన ఆక్సిజన్‌కి కొదవుండదు. వేడి దేశాల్లో ఈ పొర ఏడాదంతా పెరుగుతుంది కనుక దాని మీదే బతికే చేపలు ఇక్కడ ఇన్ని రకాలున్నాయి. ఈ మేత ఆగితే రాళ్ళ మీద పొర మందంగా పేరుకుంటుంది. మేస్తూ ఉంటే పల్చగా, తాజాగా ఉండి, దాన్ని తినే పురుగులకీ, ఆ పురుగుల్ని తినే చేపలకీ ఆధారం అవుతుంది. ఏరుని పచ్చిగా, శుభ్రంగా ఉంచే పని ఈ వేలెడు చేపది. దీనికి ఇంకా ఎక్కువ గౌరవం దక్కాలి.

విసురువల భుజానేసుకుని వచ్చిన పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. తెలుగు, ఒడియా, ఇక్కడి కొండవాళ్ళ భాష కువి మూడూ మాట్లాడతాడు. వల విసరకుండా నేను లేచే దాకా ఆగాడు, అడక్కుండానే. ఇవి వలకి పడవనీ, రాయి ఎత్తితే చేతికి దొరుకుతాయనీ చెప్పాడు. "ముందర రాయికో గుప్పెడు ఉండేవి. ఇప్పుడు కుర్రోళ్ళు బ్లీచింగ్ పౌడరు ఏసేస్తన్నారు. ఒక్క పూట కూరకి రెండు మైళ్ళ ఏరు సచ్చిపోతంది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపమే ఉంది. నాకూ కోపం వచ్చింది. బ్లీచింగ్ పౌడర్ పెద్ద చేప, చిన్న చేప అని చూడదు, గుడ్లనీ పురుగుల్నీ కూడా వదలదు.

మజ్జిగౌరమ్మ గుడి దారిలోనే. ఒడిశా వాళ్ళు మాఝిఘరియాణీ అంటారు. విజయనగరం, శ్రీకాకుళం నంబర్ ప్లేట్ల బళ్ళే సగం. దర్శనం అయ్యాక బయట బరా, ఘుగ్ని తిన్నాం, ప్లేటు 20 రూపాయలు. ఎండు బఠాణీ కూరలో మునిగిన మినప్పిండి గారె, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు.

సాయంత్రం చెకాగూడ వేలాడే వంతెన. నాగావళి మీద ఇనుప తాళ్ళతో కట్టిన కాలిబాట. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. అవతలి నుంచి నెత్తి మీద బరువుతో ఎవరైనా వస్తుంటే వాళ్ళు దాటే దాకా ఇవతలి వాళ్ళు ఆగుతారు. ఎవరూ చెప్పరు, అందరూ ఆగుతారు. సెల్ఫీలకి వచ్చిన కుర్రాళ్ళు కూడా కట్టెల మోపుతో వస్తున్న అమ్మల కోసం పక్కకి నిలబడ్డారు.

జనవరి 20, జయపురం

జయపురం లాడ్జి గది 700. కింద మెస్సు నడిపేది సాలూరు వాళ్ళు. పప్పు, కూర, పులుసు, పెరుగు 110 రూపాయలు. అన్నం మాత్రం ఇక్కడిది, కాలజీరా బియ్యం. చిన్న గింజ, నల్లటి పొట్టు, వార్చేటప్పుడు వీధి దాకా వాసన. కొరాపుట్ కాలజీరాకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. పొద్దున్న టిఫిన్ బదులు మండియా పేజ్ తాగాను. మన చోడి అంబలే, ఇంకొంచెం పల్చన, ఇంకొంచెం పులుపు. ఎండలో తిరిగే రోజుకి ఇంతకు మించిన టిఫిన్ లేదు. గ్లాసు 15.

ఎగువ కొలాబ్ రిజర్వాయరు దగ్గర తెలుగు మాట్లాడే మత్స్యకారుడొకాయన కలిశారు. వాళ్ళ నాన్న డ్యామ్ కట్టిన కొత్తలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారట. సముద్రం వల సర్దుకుని రిజర్వాయరు వల నేర్చుకున్న కుటుంబం. ఆయన తెప్పలో శీలావతి, బొచ్చె, ఎర్రమోసు ఉన్నాయి. అన్నీ సీడు పోస్తే పెరిగినవే. "నిలవ నీళ్ళలో ఇవి బాగా పెరుగుతాయి సార్, గుడ్డు మాత్రం పెట్టవు. ఏటా పిల్లల్ని పొయ్యాల్సిందే" అన్నారు.

ఆయన చెప్పినదాంట్లో మొత్తం కథ ఉంది. శీలావతి కూడా పెద్దయ్యాక ఎక్కువగా మొక్క మేతే తింటుంది. గడ్డి చేప (గ్రాస్ కార్ప్) సరేసరి. కానీ ఇవి గుడ్లు పెట్టడానికి వాన నీటితో పొంగి పారే నది కావాలి. గడ్డి చేప గుడ్లు నీటిలో తేలుతూ మైళ్ళ కొద్దీ కొట్టుకుపోతూనే పొదుగుతాయి. ప్రవాహం ఆగితే అడుగుకి దిగి చచ్చిపోతాయి. చెరువులో గుడ్డు పెట్టని చేపకి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్డు పెట్టించవచ్చని 1957లో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి చేసి చూపించింది ఈ ఒడిశాలోనే. జూలై 10ని జాతీయ చేపల రైతు దినంగా జరుపుకునేది ఆ ప్రయోగానికి గుర్తుగానే. గోదావరి జిల్లాల చెరువులన్నీ ఆ పని మీదే నిలబడ్డాయి. అది లేకపోతే రాయగడ బజారులో పెట్టెలు ఖాళీ. దాన్ని నేను నిండు మనసుతో మెచ్చుకుంటాను. అయితే హ్యాచరీలో పుట్టించి పోసేది అమ్ముడుపోయే నాలుగైదు రకాల్నే. గర్రాని ఎవరూ పొయ్యరు. డ్యామ్ వెనక నీళ్ళు నిలిచిన మేర బండల మీద మట్టి పేరుకుంటుంది, అంత లోతుకి ఎండ దిగదు, పాకుడు ఉండదు. మరి రాతి చేపలు కనిపిస్తాయా అని అడిగితే, ఆయన తెడ్డుతో కొండల వైపు చూపించారు. "వాగులు వచ్చి కలిసే మూలల్లో, పైకి వెళితే ఉంటాయి. ఇక్కడ మా నాన్న టైములో కూడా చూళ్ళేదు."

జనవరి 21, గుప్తేశ్వరం దారి

జీపు రోజుకి 2,500 అడిగాడు, 2,200కి కుదిరింది. డ్రైవరు జయపురం తెలుగు కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. దారి బోయిపరిగూడ, రామగిరి మీదుగా, అంతా సాల అడవి. రామగిరి దాటాక ఒక చీలిక దగ్గర బోర్డు చెట్టు కొమ్మల్లో కలిసిపోయింది, బండి కుడివైపు మళ్ళింది. అరగంట వెళ్ళాక తారు అయిపోయింది, తర్వాత మట్టి కూడా అయిపోయి ఒక వాగు దగ్గర ఆగాం. అవతల పది పన్నెండు ఇళ్ళు.

వాగులో ఒక పిల్లవాడు, వాళ్ళ అత్త చేపలు పడుతున్నారు. నీళ్ళు సన్నబడే చోట రాళ్ళు ఆనకట్టగా పేర్చి, మధ్యలో వదిలిన సందులో వెదురు మావు, అంటే చేపలు చిక్కే బుట్ట, పెట్టారు. పిల్లవాడు ఎగువ నుంచి రాళ్ళు కదుపుతూ వస్తున్నాడు. ఎత్తిన ప్రతి రాయినీ మళ్ళీ తీసిన చోటే పెడుతున్నాడు. ఎందుకని డ్రైవరు ఇక్కడి ఒడియా యాస దేశియాలో అడిగితే, "బోర్లా పెడితే పాకుడు చచ్చిపోతుంది, చేప మళ్ళీ రాదు" అన్నాడట. పదేళ్ళ పిల్లవాడు. నేను బోర్డు మీద గంటసేపు గీసి చెప్పేది అంతే.

మావులో గర్రాలు, రెండు మూడు రకాల పరిగెలు, ఒక చిన్న పీత. మేం ఎక్కణ్ణుంచి వచ్చామో, ఏం చూడటానికి వచ్చామో తెలిశాక ఆవిడ నవ్వి ఇంటికి రమ్మంది. చేపలు శుభ్రం చేసేటప్పుడు దగ్గర కూర్చున్నాను. గర్రా పొట్ట గోటితోనే చీల్చింది. పేగు జంతిక చుట్టినట్టు చుట్టలు చుట్టలుగా బయటికి వచ్చింది. సాగదీస్తే చేప పొడవుకి ఎన్నో రెట్లు. ఈ జాతికి జీర్ణాశయం విడిగా ఉండదు, ఆకు మేత అరగాలంటే ఈ పొడుగే ఆధారం. పేగు నిండా ముదురు పచ్చటి ముద్ద. పొట్ట లోపలి గోడకి నల్లటి పల్చటి పొర ఉంది, దాన్ని బూడిద అంటిన వేలితో తుడిచి తీసేసింది. అది ఉంటే చేదట.

ఉప్పు, పసుపు, రాతి మీద నూరిన పచ్చి మిరప, వెల్లుల్లి, కొంచెం ఆవాల నూనె. అన్నీ పట్టించి అడ్డాకులో పెట్టి, నారతో కట్టి, నిప్పుల పక్కన బూడిదలో పెట్టింది. ఇరవై నిమిషాలకి ఆకు నల్లబడింది. లోపల చేప తెల్లగా, ముల్లుతో సహా మెత్తగా ఉంది. చెరువు చేపకి ఉండే మట్టి వాసన ఇసుమంత లేదు. తల దగ్గర లేత చేదు, పాకుడు వాసన. చేపల ఊరిలో పుట్టి పెరిగినవాడిగా చెబుతున్నాను, ఇంత రుచిగల చేప నేను తినలేదు.

డబ్బులిస్తే భోజనానికి వద్దంది. డ్రైవరు సర్దిచెప్పాడు. ఇక్కడ పొయ్యి దగ్గర పెట్టిన దానికి డబ్బు పుచ్చుకోరు, మావులో పడ్డ చేపకైతే పుచ్చుకుంటారు. చేపల కింద 100 తీసుకుంది. కొంచెం ఎండబెట్టిన చేపలు ఆకులో కట్టి తిరిగి మా చేతికిచ్చింది.

గుప్తేశ్వరం చేరేసరికి మూడు దాటింది. సున్నపురాతి గుహలో పెద్ద లింగం, మెట్ల పొడుగునా సంపెంగ చెట్లు. కింద కొలాబ్ నది, అవతలి గట్టు ఛత్తీస్‌గఢ్. ఈ నదే కిందికి వెళ్ళాక మనకి శబరి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గుడి చుట్టూ ఉన్న 350 హెక్టార్ల అడవిని 2024లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ హద్దు లోపల నది, గుహ, గబ్బిలాలు, చెట్టు అన్నీ ఒకదానికొకటి ఆసరా. కళ్ళ ముందే ఉదాహరణ ఉంది. నీటి మీదికి వంగిన మేడి చెట్టు నుంచి పండు రాలింది. నీటికి తగిలిందో లేదో, అడుగున్నర చేప ఒకటి కిందినుంచి లేచి అందుకుంది. మహసీర్ జాతి చేపలకి రాలిన మేడి పళ్ళంటే ప్రాణం. పురుగులూ, చిన్న చేపలూ, నాచూ కూడా తింటాయి గానీ పళ్ళ కాలంలో చెట్టు కింద కాపలా కాస్తాయి. గట్టు మీద చెట్టు కొట్టేస్తే నదిలో చేప కడుపు కాలుతుందని ఆ ఒక్క పండుతో అర్థమైపోతుంది.

జనవరి 22, ఒనుకుడెల్లి

గురువారం సంత. బోండా, గదబ, పరోజా గిరిజనుల ఊళ్ళ నుంచి జనం దిగుతారు. కెమెరాలు వేసుకుని వచ్చేవాళ్ళు కూడా దిగుతారు. బోండా ఆడవాళ్ళు పూసల్లో, వెండి కంటెల్లో ఎంత అందంగా ఉన్నా, అడక్కుండా ఫోన్ ఎత్తడం తప్పు. వాళ్ళు సరుకు అమ్ముకోవడానికి వచ్చారు. నేను కొన్నవి చోళ్ళు, అల్లం, ఒక వెదురు మావు. మావు 120. అల్లినావిడ మూతి దగ్గర ముళ్ళ పుల్లలు లోపలికి ఎలా తిరగాలో నా వేళ్ళు పట్టుకుని చూపించింది. జీలుగు కల్లు కుండలు ఒక పక్క వరసగా ఉన్నాయి, డ్రైవరు కోసం అటు వెళ్ళలేదు.

ఎండు చేపల వరసలో సముద్రం నెత్తళ్ళే ఎక్కువ. ఒక మూల మాత్రం దోసెడు గర్రాలు, పొగలో ఆరబెట్టినవి, ఆకు మీద కుప్ప 50 రూపాయలు. వాసన ఘాటుగా లేదు, కట్టె పొగ వాసనే. అక్కడ పెట్టిన ఐదు నిమిషాల్లో ముగ్గురు వచ్చి మొత్తం కొనేశారు.

ఇక్కడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, ఆంధ్రా ఒడిశాలు రెండూ పంచుకునే కరెంటు. కాలనీలో తెలుగు ఇళ్ళు చాలా. టీ కొట్టు దగ్గర రిటైరైన ఉద్యోగి ఒకాయన దొరికారు. పేరు వద్దన్నారు, కబుర్లు మాత్రం రాత్రి దాకా చెప్పారు. డుడుమా జలపాతం గురించి అడిగాను. సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి పడే నీళ్ళవి. పైన జలాపుట్ డ్యామ్‌లో ఆపాక పడే నీళ్ళు తగ్గాయనీ, పాత రోజుల్లో ఆ హోరు కాలనీ దాకా వినిపించేదనీ చెప్పారు. ఇంత ఎత్తు జలపాతాన్ని కింది చేప ఎక్కలేదు. అందుకని ఇలాంటి నదికి పైన ఒక చేపల లోకం, కింద ఇంకోటి. ప్రకృతి కట్టిన గోడ అది, లక్షల ఏళ్ళుగా ఉంది, రెండు వైపుల చేపలూ దానికి అలవాటుపడ్డాయి. మనం కట్టినవాటికి వాటికి అంత టైం దొరకలేదు. ఇదే నీరు కిందికి వెళ్ళి సీలేరు అవుతుంది, బలిమెలలో మళ్ళీ ఆగుతుంది, మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. నిన్న గుప్తేశ్వరంలో చూసిన నీళ్ళూ, ఇవాళ్టి నీళ్ళూ అక్కడ కలుస్తాయి.

"కరెంటు వద్దని ఎవరంటారు బాబూ, నా పిల్లల చదువులు దాని మీదే" అన్నారాయన. "వేసవిలో ఏటికి కూడా కాసిని నీళ్ళు వదిలితే బాగుణ్ణు." నేను ఒప్పుకుంటాను. డ్యామ్ కింద ఎప్పుడూ కొంత నీరు పారేలా వదలడం అసాధ్యమేమీ కాదు. బండలు తడిగా ఉంటే పాకుడు బతుకుతుంది, పాకుడు బతికితే చేప బతుకుతుంది.

జనవరి 23, జలాపుట్ మీదుగా మత్స్యగుండం

జలాపుట్ దాటితే ఆంధ్రా. ముంచింగిపుట్టు, పెదబయలు మీదుగా పాడేరు వైపు. దారిలో కాఫీ తోటలు, మిరియాల తీగలు. హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండం ఉంది. నిన్నటి మాచ్‌ఖండ్ నదే, ఇక్కడ ఇంకా పసిది.

1907లో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో బ్రిటిష్ అధికారి డబ్ల్యూ. ఫ్రాన్సిస్ ఈ చోటు గురించి రాశాడు. నదికి అడ్డంగా బండల వరస, నీరు ఒక పెద్ద బొరియలో పడి మాయమై, వంద గజాల దిగువన మళ్ళీ బయటికి రావడం, అది వచ్చే చోట గుండం నిండా మహసీర్లు, చేతిలోంచి మేత తినేంత మచ్చిక. చేపను పూజించే మాడుగుల జమీందార్లు వాటిని కాపాడేవారనీ రాశాడు. ఒక లంబాడీ ఒక చేపను పట్టి కూర వండుకుంటే, చేపల రాజు శపించాడనీ, అతనూ అతని ఎద్దులూ బండలైపోయాయనీ కథ. ఆ బండల్ని ఇప్పటికీ చూపిస్తారు.

గుండం దగ్గర మరమరాలు అమ్మే పెద్దమ్మ నా సంచీలో బిస్కెట్ ప్యాకెట్టు చూసి ముందే చెప్పింది. "అది ఎయ్యకు బాబూ. నూనె తేలుతాది. మరమరాలు కూడా గుప్పెడే." గుప్పెడే వేశాను. నల్లటి వీపులు, రాగి రంగు అంచున్న పెద్ద పొలుసులు పైకి లేచాయి. కానీ నా చూపు గట్టు పక్కన పల్చటి నీటి మీదికి పోయింది. అక్కడి రాళ్ళ మీద చిటికెన వేలి గోరంత తెల్ల మచ్చలు. గర్రాలు ఇక్కడా మేస్తున్నాయి. శాపం భయం పెద్ద చేపకి కట్టిన కాపలా, దాని నీడలో వేలెడు చేపా బతికిపోయింది. హాతీపథర్‌లో దీనికి అలాంటి కథేదీ లేదు.

"ఆ చిన్నవాటినైనా పడతారా పెద్దమ్మా?" అని అడిగాను.

"గుండంలో ఏదీ పట్టరు. అవతల వంపు దాటాక పట్టుకుంటారు" అని చెయ్యి చాపి హద్దు చూపించింది. బోర్డు లేదు, తాడు లేదు. ఊరందరికీ ఆ హద్దు తెలుసు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు నీళ్ళు తేటగా ఉంటాయి, పొద్దున్న ఎనిమిదిన్నర తర్వాత, నీడ నీళ్ళ మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా కూర్చోండి. పాకుడు మీద కాలు జారుతుంది, జాగ్రత్త. ఎత్తిన రాయిని ఎత్తిన చోటే, పాకుడు పైకి ఉండేలా పెట్టండి. శివరాత్రికి గుప్తేశ్వరంలోనూ మత్స్యగుండంలోనూ జనం కిటకిటలాడతారు, చేపలు చూడాలంటే అప్పుడు కుదరదు.